కాలవ ఇవతలి కాకి

పొన్నమిట్టలో లేనిది కాకి ఒక్కటే. మిగతావన్నీ ఉన్నాయి. ఇసక ఉంది. ఎంతుందంటే, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు మజ్జిగ తాగి గ్లాసు కింద పెడితే, మళ్ళీ చేతికి తీసుకునేలోపల అది సగానికి ఇసకతో నిండేది. గాలి ఉంది. ఆ గాలికి ఊళ్ళో మగవాళ్ళ మీసాలన్నీ పడమటి వైపే పెరిగేవి. కొంగలున్నాయి, గరుడపక్షులున్నాయి, ఉడతలున్నాయి, ఇంటికి రెండు చొప్పున దయ్యాలున్నాయి. కాకి మాత్రం లేదు. బడికెళ్ళే పిల్లలు వాచకంలో కాకి బొమ్మ చూసి, ఇది మనిషిని కరుస్తుందా అని అడిగేవాళ్ళు.

ఊరికి తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలవ. కాలవ వెడల్పు ముప్పై గజాలుంటే ఎక్కువ. దాని అవతలి గట్టు మీద, వాకాడు వైపు, కాకులు ఎన్నుండేవంటే, చెట్టుకు ఆకులున్నాయో లేదో తెలియాలంటే ముందు కాకుల్ని కాస్త పక్కకు జరగమని బతిమాలుకోవాలి. పొన్నమిట్ట రైతుల చేలన్నీ ఆ అవతలే. నాగలి వెనకాల కాకులు నడిచేవి, నారుమడి గట్ల మీద కాకులు కూర్చునేవి. సాయంత్రం రైతులు పడవెక్కి ఇవతలికి వస్తుంటే, అవి రేవు దాకా వచ్చి ఆగిపోయేవి. నీళ్ళ మీదికి ఒక్క రెక్క కూడా చాచేవి కాదు.

ఎందుకిలా అంటే పెద్దవాళ్ళు ఒక కథ చెప్పేవాళ్ళు. ఊరు కట్టిన మొదటి మనిషి మహా పిసినారి. తండ్రి దినం నాడు కాకి ఒక ముద్ద తిని రెండో ముద్దకు ముక్కు చాపితే కర్ర పుచ్చుకుని కొట్టాడు. ఆ కాకి వలవలా ఏడ్చి కాలవ దాటి వెళ్ళిపోయింది, తన కులంవాళ్ళందరికీ చెప్పింది. అప్పటికి కాలవ తవ్వలేదు కదా అని ఎవరైనా అడిగితే, అందుకే తర్వాత తవ్వారు అనేవాళ్ళు.

దీనివల్ల బతికున్నవాళ్ళకు ఇబ్బందేమీ లేదు. వడియాలు నిక్షేపంగా ఎండేవి. ఇబ్బందల్లా చచ్చినవాళ్ళకు. మూడోరోజు చిన్నదినానికి, పదకొండోరోజు పెద్దదినానికి పిండాకూడు పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితేనే పోయినవాళ్ళు తిన్నట్టు. అందుకని పొన్నమిట్టలో ఎవరు పోయినా, వండినవన్నీ తట్టలో పెట్టుకుని, పోలేరయ్య నడిపే పడవెక్కి, అవతలి రేవులో ఆకు పరిచి వచ్చేవాళ్ళు. తాతల కాలం నుంచీ ఆ ఊరి పెద్దలందరూ కాలవ అవతలే భోంచేశారు.

ఈ సంగతి పద్మనాభయ్యకు మింగుడుపడేది కాదు. ఆయనకు డెబ్బై ఏళ్ళు. నాలుగెకరాల మాగాణి, ఒక సరుగుడు తోపు, భార్య ఆదిశేషమ్మ. పిల్లల్లేరు. కలరా సంవత్సరం అదే ఊళ్ళో ఉన్న తమ్ముడూ మరదలూ పోతే వాళ్ళ కొడుకు ఓబులేసును తెచ్చి పెంచుకున్నాడు. మన పెద్దోళ్ళు పరాయి గట్టున కూర్చుని తినిపోతున్నారు, మనకు సిగ్గులేదు అని ఆయన కనపడిన ప్రతివాడితోనూ అనేవాడు. అనడమే కాదు. యాభై ఏళ్ళుగా, తను అన్నం తినేముందు పెరటి గోడ మీద ఒక ముద్ద పెట్టి, కాకుల్ని పిలిచేవాడు. ఒక్కటీ రాలేదు. ఆ ముద్దలు తిని ఆ ఇంటి చీమలు మాత్రం ఊళ్ళో చీమలతో వియ్యమందనంత లావయ్యాయి.

ఓబులేసుకు ఇరవై ఏళ్ళు. చదువు ఎనిమిదో క్లాసులో ఆగింది, అబద్ధాలు ఆగలేదు. సర్కారువాళ్ళు కాలవను చాపలా చుట్టి మద్రాసు తీసుకుపోతున్నారని ఒకసారి పోలేరయ్యకు చెబితే, అతను మూడురోజులు పడవను గట్టు మీద బోర్లించి కూర్చున్నాడు. ఊరు వాణ్ణి తిట్టేది, కానీ వాడు రెండ్రోజులు కనపడకపోతే తోచక వెతికేది.

అరవై రెండో సంవత్సరం వేసవిలో, ఒక మిట్టమధ్యాహ్నం, ఓబులేసు సముద్రం వైపున్న ఇసకదిబ్బ వెనక కూర్చుని బీడీ తాగుతున్నాడు. దిబ్బకు ఇవతల పెదనాయన గోడ మీద ముద్ద పెట్టి పిలుస్తున్నాడు. వాడికి సరదా పుట్టింది. గొంతు బిగించి, అవతలి గట్టు మీద వినీ వినీ పట్టుకున్న కూతను ఒకటి వదిలాడు. రెండోది ఇంకా బాగా వచ్చింది. బీడీ పొగ అడ్డం పడి రెండు పొడి దగ్గులు కూడా వచ్చాయి.

పద్మనాభయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నిప్పులాంటి ఇసకలో ఆగిపోయి దిబ్బ వైపు చూశాడు. దిబ్బ పైనున్న గడ్డిదుబ్బు సందులోంచి ఓబులేసు ఆ ముఖాన్ని చూశాడు. లేచి నిలబడి పగలబడి నవ్వాలనేది వాడి ఏర్పాటు. ఆ ముఖం చూశాక లేవలేకపోయాడు. చూపు కోల్పోయినవాడికి ఇంటి గడప కనపడితే ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అది.

మర్నాడు కూడా కూశాడు. ఆ మర్నాడు కూడా.

పెద్దాయన దిబ్బ ఎక్కి చూడలేదు. చూడబోతే బెదిరి పోతుంది, యాభై ఏళ్ళకు వచ్చింది అన్నాడు. రోజూ దిబ్బ కింద ఆకులో ముద్ద పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చి, దానికి మొహమాటం లేకుండా అటు వీపు పెట్టి నిలబడేవాడు. ఓబులేసు పాకుతూ దిగి, ముద్ద తీసుకుని, మళ్ళీ పాకుతూ పైకెక్కి, ఒక కూత కూసేవాడు. అదే తిన్నాననే గుర్తు. అప్పుడు పెద్దాయన ఇంటికి వెళ్ళి తను తినేవాడు. ముద్దను ఏం చేయాలో తోచక మొదట్లో ఓబులేసు ఇసకలో పూడ్చాడు. తర్వాత పెదనాయన అందులో ఆవకాయ కలపడం మొదలుపెట్టాడు. పూడ్చబుద్ధి కాక తినేశాడు. అలా నలభై రోజులు గడిచాయి.

ఊరికి కాకి వచ్చిందన్న కబురు అంటుకుంది. పెద్దలు వచ్చి దూరంగా నిలబడి విని, చేతులెత్తి దణ్ణం పెట్టుకుని వెళ్ళారు. వాకాడు హైస్కూల్లో సైన్సు చెప్పే అబ్రహాము మాస్టారు కూడా వచ్చాడు. ఆయనకు సెలవుల్లో పనొకటుంది. మెడలో దుర్భిణి వేసుకుని, సైకిలు మీద ఊరూరా తిరిగి, ఏ పక్షి ఎక్కడుంది, ఎక్కడ లేదు అని రాసి మద్రాసు పంపేవాడు. అక్కడివాళ్ళు పటం మీద చుక్కలు పెట్టేవాళ్ళు. ప్రతి ప్రాణికీ భూమ్మీద ఒక ఎల్ల ఉంటుందని, కొన్నిటికి అది కొండ, కొన్నిటికి ఏరు, కొన్నిటికి ఏమీ ఉండదని, అయినా దాటవని ఆయన చెప్పేవాడు. కాకికి మాత్రం ఎల్ల అంటూ లేదని చదువుకున్నాడు. మనిషి ఎక్కడుంటే అది అక్కడుంటుంది. మరి పొన్నమిట్టలో మనుషులు మనుషులు కారా అని ఆయనకు పదేళ్ళుగా నిద్రపట్టడం లేదు. ఆ రోజు దిబ్బ వెనక కూత విని, కళ్ళద్దాలు తుడుచుకుని, పుస్తకంలో రాసుకున్నాడు. చూడలేదు గానీ స్వయంగా విన్నాను అని కూడా రాసుకున్నాడు. నిజాయితీపరుడు.

నలభై ఒకటో రోజు. రోహిణి కార్తె. వాకాట్లో చెడుగుడు పందెం ఉందంటే ఓబులేసు పొద్దున్నే పడవెక్కి వెళ్ళాడు. పందెం బాగా జరిగింది. వాడి జట్టు గెలిచింది. వాడికి మధ్యాహ్నం సంగతి సాయంత్రం గుర్తొచ్చింది.

కూత వినపడలేదు కాబట్టి పద్మనాభయ్య ఇంటికి రాలేదు. పదకొండు గంటలకు వెళ్ళిన మనిషి మూడు దాకా ఎండలో నిలబడ్డాడు. ఆదిశేషమ్మ వెళ్ళి చూసేసరికి మోకాళ్ళ మీద కూలి, నుదురు ఇసకకు ఆనించి ఉన్నాడు. వీపు మాత్రం దిబ్బ వైపే ఉంది. ఆకులో మెతుకులు ఎండి రాళ్ళయ్యాయి.

మంచం మీద దీపాలవేళ దాకా ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఓబులేసు గసపోసుకుంటూ వచ్చి మంచం పక్కన కూలబడేసరికి ఆయన ఆఖరి మాటలు చెబుతున్నాడు. భార్యకు చెబుతున్నాడు గానీ చూపు ఓబులేసు మీద ఉంది.

"నా కూడు కాలవ దాటించబాకండి. ఈడనే పెట్టండి, ఆ దిబ్బ కాడ. అది వస్తది. ఇయ్యాల ఏదో పనిబడి రాలా."

అంతే.

చిన్నదినం నాడు దిబ్బ కింద ఆకు పరిచారు. కర్మ చేసేది ఓబులేసే. ఊరంతా వచ్చింది. కాకి రాలేదు. చాలాసేపు చూసి పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇప్పటికైనా అవతలికి పోదామని పోలేరయ్య పడవ గెడ తీసుకున్నాడు. ఆదిశేషమ్మ ఒప్పుకోలేదు. ఆయన వద్దన్నాడు, అంతే అంది. చిన్నదినానికి కబురు అంది ఉండదు, పెద్దదినానికి వస్తుంది అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఓబులేసు వైపు చూడనూ లేదు. వాడికి అందుకే భయమేసింది.

పెద్దదినానికి కూడా కాకి ముట్టకపోతే ఏమవుతుందో పొన్నమిట్టలో చంటిపిల్లలకూ తెలుసు. పోయినవాడు పోడు. ఆకలితో అక్కడే నిలబడి ఉంటాడు. పద్మనాభయ్య ఎక్కడ నిలబడి ఉంటాడో ఓబులేసుకు చెప్పక్కర్లేదు. దిబ్బకు ఇరవై అడుగుల దూరంలో, ఎండలో, అటు వీపు పెట్టి.

చిన్నదినం మర్నాడు మధ్యాహ్నం వాడు పెరట్లో చేదబావి పక్కన కూర్చుని ఉండగా, దిబ్బ వెనక నుంచి కాకి కూసింది.

ఒక కూత. రెండో కూత. తర్వాత రెండు పొడి దగ్గులు.

చేతిలో చెంబు ఇసకలో పడింది. అది ఏ గొంతో ఓబులేసుకు తెలుసు. వాడు ఇక్కడ కూర్చుని ఉండగా వాడి గొంతు అక్కడ కూసింది. లేచి పరిగెత్తి దిబ్బ ఎక్కాడు. వెనక ఏమీ లేదు. ఇసక దువ్వినట్టు నున్నగా ఉంది. పీత నడిచిన జాడ కూడా లేదు. సముద్రం మాత్రం, తనకేమీ తెలియనట్టు, ఉన్నచోటే ఉండి ఊగుతోంది.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. తనకే వినపడుతోందేమోనని రేవులో పోలేరయ్యను మెల్లగా కదిపాడు. పోలేరయ్య గెడకు చమురు రాస్తూ, కాకే గదా, రోజూ అరుస్తానే ఉండాది, దానికి కాస్త రొంప చేసినట్టుంది అన్నాడు. ఆ రోజు నుంచి ఓబులేసు బీడీ మానేశాడు. కూత మానలేదు, దగ్గూ మానలేదు.

పెద్దదినానికి మూడ్రోజులుందనగా వాడు కాలవ దాటి అబ్రహాము మాస్టారి ఇంటికెళ్ళాడు. మాస్టారు అరుగు మీద పటం పరుచుకుని ఉన్నాడు. ఓబులేసు జన్మలో మొదటిసారి ఒక నిజం మొత్తం చెప్పాడు. అలవాటు లేక మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. మాస్టారు విని కళ్ళద్దాలు తీసి పటం మీద పెట్టాడు. కాగితం పోయిన వారమే మద్రాసుకు వెళ్ళిపోయిందని, ఈపాటికి చుక్క పెట్టేసి ఉంటారని, ఇప్పుడు లోకంలో ఎవరు చూసినా పొన్నమిట్టలో కాకి ఉన్నట్టేనని చెప్పాడు. చెరపమని రాస్తానన్నాడు. చెరుపుతారని మాత్రం ఆయన అనలేదు.

"అయ్యోరా, ఒకదాన్ని పట్టుకుపోయి వదిల్తే ఉండదా?" అన్నాడు ఓబులేసు.

"తెచ్చిన పక్షిని మేము లెక్కలోకి తీసుకోము ఓబులేసూ. అది ఆ చోటుది కాదు. తనంతట తాను అక్కడ పుట్టి, అక్కడ తిని పెరిగిందే ఆ చోటుది."

"ముడితే చాలు అయ్యోరా. ఉండకపోయినా ఫరవాలా."

మాస్టారు లోపలికి వెళ్ళి, ఉడతల్ని పట్టే వల తెచ్చి ఇచ్చాడు. ఆయన క్రైస్తవుడు, కాకి ముట్టడం మీద నమ్మకం లేదు. ఎండలో నిలబడి ఉన్న ముసలాయన మీద మాత్రం ఉన్నట్టుంది.

చేపల అంగళ్ళ దగ్గర కాకిని పట్టడానికి రెండ్రోజులు పట్టింది. వాకాడు కాకులకు ఓబులేసు సంగతి ముందే తెలిసినట్టు, వాడు ఏ వీధిలోకొస్తే ఆ వీధి ఖాళీ అయ్యేది. చివరికి ఒకటి దొరికింది. ముసలి కాకి, ఒక కన్ను పొర కమ్మింది. గంప కింద పెట్టి పడవెక్కించాడు. గట్టు వదిలినప్పట్నుంచీ అది గంపను ముక్కుతో పొడిచి పొడిచి పోలేరయ్యకు తలనొప్పి తెప్పించింది. సరిగ్గా నడికాలవలో చప్పుడు ఆగిపోయింది. ఓబులేసు గంప ఎత్తి చూశాడు. తల రెక్క కింద పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, చచ్చినదానిలా ఉంది. బతికే ఉంది. గుండె కొట్టుకుంటోంది. ఇంతకాలం మూటలూ మనుషులూ ఎక్కినా తొణకని పడవ ఆ ఒక్క కాకికి అరడుగు కుంగిందని పోలేరయ్య తర్వాత ఒట్టేసి చెప్పాడు.

పెద్దదినం. మళ్ళీ అదే దిబ్బ, అదే ఎండ. ఆదిశేషమ్మ తెల్లవారుజామునే లేచి పెద్దాయనకు ఇష్టమైనవన్నీ వండింది. ముద్దపప్పు, చింతచిగురూ ఎండురొయ్యల కూర, గారెలు. ఓబులేసు తల గొరిగించుకుని, తడిబట్టతో ఆకు ముందు కూర్చున్నాడు. సరుగుడు తోపు అంచున గంప పెట్టుకుని పోలేరయ్య నిలబడ్డాడు. ఓబులేసు నీళ్ళు వదలగానే గంప ఎత్తాలి. అదీ మాట.

నీళ్ళు వదిలాడు. గంప లేచింది.

కాకి బయటికొచ్చింది. జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. అప్పటిదాకా కాకిని దగ్గరగా చూడని పిల్లలు తల్లుల కొంగుల వెనక్కి వెళ్ళారు. అది ఇసక మీద ఒక అడుగు వేసింది, మరో రెండు అడుగులు వేసింది. ఆకు వైపు చూడలేదు. తల పక్కకు వంచి, మంచి కన్నుతో, ఓబులేసును చూసింది. చాలాసేపు చూసింది. ఊరికి వచ్చిన చుట్టం, వీధి గుమ్మంలో ఇంకొకడు కూర్చుని ఉండటం చూసి, సరే ఇక్కడ నాకేం పని అనుకున్నట్టు, రెక్కలు విదిలించుకుని లేచింది. ఇళ్ళ మీదుగా, రేవు మీదుగా, ఒక్క కూత కూయకుండా పడమటికి వెళ్ళిపోయింది.

కూడు మీద ఈగలు వాలుతున్నాయి. అప్పుడు దిబ్బ వెనక నుంచి కూత వచ్చింది. రెండు కూతలు. రెండు దగ్గులు.

జనం చేతులు జోడించారు. వస్తుంది, వస్తుంది అని గుసగుసలు. ఓబులేసు అందరి ఎదుటా నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు. వాడి ఒంటిమీది తడిబట్ట ఆ ఎండలో చల్లగా అంటుకుపోయింది. దిబ్బ మీదికి ఏదీ రాలేదు. గడ్డిదుబ్బు కదల్లేదు. మళ్ళీ కూసింది. ఈసారి కూత మధ్యలో విరిగింది, ఆకలిగా ఉన్నవాడి గొంతులా.

అందరూ దిబ్బను చూస్తున్నారు. ఆదిశేషమ్మ ఒక్కతే ఓబులేసును చూస్తోంది. వచ్చి వాడి ఎదురుగా, ఆకుకు అవతల కూర్చుంది.

"ఓబులేసూ, ఆయన్ని ఇంకెంతసేపు ఎండలో నిలబెడతావురా?"

"నేనేం చేసేది పెద్దమ్మా. అది వస్తే గదా."

"వచ్చే ఉండాది. నా ఎదురుగా కూర్చోనుండాది."

ఆమె గొంతు పెంచలేదు. పక్కనున్న నలుగురికి తప్ప వినపడదు.

"యాడన్నా కాకి కూసినాక దగ్గుతదంట్రా? మొదటిరోజే తెలుసు నాకు. నీ చెవి మెలేసి లాక్కొద్దామని చీపురు పట్టుకోని బయటికొచ్చినా. ఆయన మొహం చూసినా. చీపురు లోపల పెట్టేసినా. ఈ పాపంలో నాకూ పాలుండాది."

"ఆయనకు..." అన్నాడు వాడు.

"ఆయనకు తెలుసో లేదో నన్నడగబాకు. రోజూ ఆవకాయ ఎవురి కోసం కలిపినాడో నేను అడగలా, ఆయన చెప్పలా." ఆకును వాడి వైపు కొంచెం జరిపింది. "ముట్టు."

"కర్మ చేసేవోణ్ణి పెద్దమ్మా. నేను ముట్టకూడదు. పాపం చుట్టుకుంటది."

"నలభైరోజులు తిన్నావే, అప్పుడు చుట్టుకోలేదా? అవతలిదాన్ని తెచ్చినావు, నిన్ను చూసి పొయ్యింది. అదే నయం, దానికి తెలిసింది. నువ్వు ఈ మిట్టన పుట్టినోడివి. ఈడనే తిని పెరిగినోడివి. ఆయన పిలిస్తే వచ్చింది నువ్వు."

ఓబులేసు చుట్టూ చూశాడు. ఊరిపెద్దలు విన్నారు. వాళ్ళ ముఖాల్లో కోపం కోసం వెతికాడు. ఎవరైనా లేచి వాణ్ణి రెండు కొట్టి ఉంటే వాడు వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టేవాడు. ఎవరూ లేవలేదు. అందరూ, ఇందాక ఆ కాకిని చూసినట్టే, ఊపిరి బిగబట్టి వాణ్ణి చూస్తున్నారు.

వాడు చెయ్యి చాపాడు.

"చేత్తో కాదు," అంది ఆదిశేషమ్మ.

ఆ మాటకు పోలేరయ్య తోపు అంచున నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఇసకలో కూర్చుండిపోయాడు. ఓబులేసు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ముందుకు వంగాడు. ఆకు దగ్గరికి పోయేకొద్దీ వాడికి ఇసక వేడి ముఖానికి కొట్టింది. దాని వెంటే పెదనాయన ఒంటి వాసన. చుట్ట, చెమట, వేపనూనె. ముద్ద అంచును నోటితో అందుకున్నాడు.

నమిలాడు. మింగాడు.

దిబ్బ వెనక కూత ఆగిపోయింది. గాలి కూడా ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక పొన్నమిట్టలో గాలి ఆగడం ఎవరూ చూడలేదు. అంత నిశ్శబ్దంలో, ఇరవై అడుగుల దూరంలో, ఎవరో చాలాసేపటి నుంచి నిలబడ్డ మనిషి కాళ్ళు సడలించి ఇసకలో చతికిలబడినట్టు, చిన్న చప్పుడైంది. అటు తల తిప్పిన ప్రతివాడికీ ఇసక ఒక్కటే కనిపించింది.

"ముట్టింది," అన్నాడు జనంలో ఒక ముసలాయన. ఎప్పుడూ అవతలి గట్టున అనే మాటే, అదే గొంతుతో అన్నాడు. మిగతావాళ్ళు కూడా ముట్టింది ముట్టింది అనుకుంటూ లేచారు. బట్టలు దులుపుకుని, సముద్రంలో మునగడానికి ఒకరి వెనక ఒకరు నడిచారు. పోతూ పోతూ ఓబులేసు పక్కన దారి కాస్త వెడల్పు చేసుకుని పోయారు. ఒక ఆడమనిషి పిల్లాణ్ణి చంకనెత్తుకుని, చూడు, బెదిరించబాకు, తిననీ అంది.

దిబ్బ కింద ఇద్దరే మిగిలారు. ఆదిశేషమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. ఎక్కడ పెట్టుకుందో, విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఓబులేసు భోంచేస్తుంటే ఏనాడూ ఎవరూ విసరలేదు. ఆమె విసిరింది యాభై ఏళ్ళుగా ఒక్క మనిషికే.

వాడు ముద్ద పూర్తిచేశాడు. పప్పు అయిపోయింది. గారెలు అయిపోయాయి. ఎండురొయ్యలు నోట్లో పెట్టుకుంటే వాడికి చిన్నప్పట్నుంచీ ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. ఆ కూరంతా తిన్నాడు. ఒక్క దద్దు లేవలేదు. ఇంత రుచిగా ఉంటుందని తనకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదనుకున్నాడు. కాదు, తనకు ఎప్పట్నుంచో తెలుసని కూడా అనుకున్నాడు. ఆ రెండోది అనుకున్నది ఎవరో వాడికి అర్థం కాలేదు.

"చాలునా?" అంది ఆదిశేషమ్మ. వాడి ముఖంలోకి చూసి అడగలేదు. తల వంచుకుని, భర్తను అడిగినట్టు అడిగింది.

సముద్రంలోంచి జనం మునుగుతున్న చప్పుడు వస్తోంది. జవాబు చెప్పడానికి ఓబులేసు నోరు తెరవబోయి ఆగాడు. తెరిస్తే ఏ గొంతు వస్తుందో వాడికి తెలియలేదు. పెదవులు బిగించుకుని, తల పక్కకు వంచి, ఆమె వైపు చూశాడు.

ఆమె తట్టలోంచి ఇంకొక గరిటె వడ్డించింది.